మడతలో గుడ్డ

బడులు తెరిచే ముందు రోజుల్లో టేపమ్మ ఇంటి ముందుగదిలో కాలు పెట్టే చోటుండదు. ఎటు చూసినా నీలం గుడ్డ, తెల్ల గుడ్డ. బల్ల కింద కత్తిరింపులు, కుర్చీల మీద గుండీలు కుట్టాల్సిన చొక్కాలు, తలుపు మేకులకి ఇస్త్రీ అయిన స్కర్టులు. ఆ గుట్టల మధ్య ఎక్కడో ఒక ఉయ్యాల, ఉయ్యాలలో బుడ్డది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని కూడా గుడ్డల మూటే అనుకుని పక్కకి జరపబోతారు. అది కెవ్వుమంటే ఉలిక్కిపడతారు.

టేపమ్మకి వేరే పేరు లేక కాదు. మెడలో టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు, అదీ సంగతి. అన్నం తింటున్నా మెడలో టేపే, కూరలు బేరమాడుతున్నా మెడలో టేపే. ఎవరి నడుమెంతో, ఎవరి భుజమెంతో అంతా ఆవిడ నోటి మీదే ఉంటుంది. గుమ్మంలో మనిషి కనపడగానే, "ఏమ్మా, సెలవుల్లో బాగానే తిన్నట్టున్నావే!" అనేస్తుంది. కాదని ఎవరైనా అంటే చటుక్కున టేపు చుట్టి చూపించి, "టేపు అబద్ధం చెప్పదు" అంటుంది. అంతే, అక్కడితో ఆ వాదన ఆఖరు.

ఈ ఏడు మోకాళ్ళు సహకరించక వంగి కొలతలు తీసే పని కోడలికి అప్పజెప్పింది. కోడలు పిల్లల్ని నిలబెట్టి కొలిచి అంకె చెబుతుంది, టేపమ్మ బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తిరిస్తుంది. లారీ మీద ఊళ్ళు తిరిగే కొడుకు కిందటిసారి వచ్చినప్పుడు తల్లికి ఒక కొత్త టేపు తెచ్చిపెట్టాడు. పచ్చగా, నున్నగా, అంకెలు చీమల బారులా నల్లగా ఉన్నాయి. "నా కొడుకు తెచ్చాడు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించి దాన్ని మెడలో వేసుకుంది. తను పని నేర్చుకున్న నాటి పాత గుడ్డ టేపు, చివర ఇత్తడి రేకు ఉన్నది, కోడలి మెడలోకి మారింది.

బడిపిల్లల బట్టలకి టేపమ్మ దగ్గర ఒక పద్ధతుంది. స్కర్టు అంచున నాలుగు వేళ్ళ మడత పెట్టాలి. పక్క కుట్ల లోపల బొటనవేలంత గుడ్డ వదలాలి. పిల్లలు ఎదుగుతారు కదా మరి! పొట్టయినప్పుడు మడత విప్పి దించితే ఇంకో ఏడాది గడిచిపోతుంది. పెద్దవాళ్ళ బట్టలకి అంచున ఆ మడత పెట్టదు. "వాళ్ళు పెరిగేది అడ్డంగానే. దానికి పక్క కుట్లు చాలు" అంటుంది.

ఆ మడతలన్నీ చేత్తో కుట్టేది కోడలే. పద్దెనిమిది నిండి ఎన్నాళ్ళో కాలేదు. బడిలో ఆఖరి పరీక్షలకి పుస్తకాలు సర్దుకోవాల్సిన పిల్ల, ఆసుపత్రికి సంచి సర్దుకుంది. ఇప్పుడు తనతో కూర్చున్న పిల్లల చెల్లెళ్ళకి స్కర్టులు కుడుతోంది. సూది గుచ్చడం, దారం లాగడం, గోటితో మడత నొక్కడం, ఇంతే. తల ఎత్తదు. కాలి బొటనవేలికి ఉయ్యాల తాడు కట్టుకుని ఉంటుంది కాబట్టి, అది ఊగుతున్నంతసేపూ మెలకువగానే ఉందని అర్థం.

ఆ మధ్యాహ్నం లెక్కల టీచరమ్మ తన గౌను వదులు చేయించుకోవడానికి వచ్చింది. వచ్చిన పని అయ్యాక కూడా కదల్లేదు.

"టేపమ్మగారూ, మీ కోడలి చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. బడి తెరిచే రోజుకి వస్తే దానిదే. రాకపోతే ఇవ్వక తప్పదు, చాలామంది అడుగుతున్నారు."

ఉయ్యాల ఆగిపోయింది.

"పసిపిల్ల తల్లి కదమ్మా" అంది టేపమ్మ, మిషను చక్రం మీద చెయ్యి వేసి. "పాలెవరిస్తారు? మీ లెక్కలు ఇస్తాయా?"

"మధ్యాహ్నం మీరు పాపని తీసుకురండి. మా కుట్టుపని గది ఆ వేళకి ఖాళీగానే ఉంటుంది. మిగతా వేళల్లో మెత్తగా ఏదో ఒకటి తినిపించే వయసేగా, ఆరు నెలలు దాటాయిగా."

"చూద్దాంలెండి" అంది టేపమ్మ.

ఆవిడ 'చూద్దాం' అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఉయ్యాల మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది, కానీ మెల్లిగా.

టీచరమ్మ అటు వెళ్ళిందో లేదో ఇటు నర్సమ్మ దిగింది. పసిపిల్లల్ని తూచడానికి ఇల్లిల్లూ తిరిగే మనిషి, భుజాన సంచి, ఎండకి కమిలిన ముఖం. బుడ్డదాన్ని తూచి, బుగ్గ గిల్లి, నీళ్ళు తాగి, బడి మాట విని, కోడలి వైపు తిరిగింది.

"బడికెళ్తే మంచిదే. కానీ నేను అప్పుడు చెప్పిన సంగతి ఆలోచించావా? ఇంకో కాన్పుకి నీ ఒంటికి ఎడం కావాలి. రెండేళ్ళయినా కావాలి."

కోడలు నోరు తెరిచేలోపు టేపమ్మ అందుకుంది. "పాలిచ్చే తల్లికి ఆ బెంగెందుకు? పాలే కాపలా. నా కొడుక్కి మూడేళ్ళొచ్చేదాకా పాలిచ్చాను నేను. రెండోది పడిందా?"

"మీ ఆయన ఏం పని చేసేవాడు పెద్దమ్మా?"

"ఓడ మీద."

"ఇంటికెప్పుడొచ్చేవాడు?"

"ఏడాదికోసారి."

"అయితే మిమ్మల్ని కాపాడింది పాలు కాదు, సముద్రం" అంది నర్సమ్మ.

కోడలికి నవ్వొచ్చింది. నవ్వితే అత్తగారేమంటుందోనని నోట్లో దారం పెట్టుకుని కొరికింది.

"నవ్వులాటకి కాదు" నర్సమ్మ గొంతు తగ్గించింది. "పుట్టిన మొదటి ఆరు నెలలూ, రాత్రీ పగలూ పాలు తప్ప ఇంకేమీ పెట్టకుండా ఉంటే, నెల మళ్ళీ మొదలుకాకుండా ఉంటే, ఏదో కొంత కాపలా. ఇప్పుడు పాప అన్నం మెతుకులు తింటోంది. రేపు బడికెళ్తే పగలంతా పాలుండవు. ఇంకెక్కడి కాపలా? పైగా మీవాడి లారీ వారానికోసారి ఈ గుమ్మం ముందే ఆగుతుంది."

"ఆగితే ఆగనీ! రెండోది కూడా వెంటనే అయిపోతే ఒకేసారి పెరిగిపోతారు. ఆపైన కావాలంటే కలెక్టరు చదువు చదువుకోమను."

నర్సమ్మ సంచి భుజాన వేసుకుంది. "ఒళ్ళు నీదమ్మాయ్" అంది కోడలితో. "వారానికోసారి ఆరోగ్యకేంద్రంలో ఆడవాళ్ళ రోజు పెడతాం, ఆ రోజున రా. మాట్లాడుకుందాం." టేపమ్మని మాత్రం రమ్మనలేదు. ఆ సంగతి టేపమ్మ గమనించింది కూడా.

సాయంత్రం వంటింట్లో పని చూసుకుని వచ్చిన టేపమ్మకి ముందుగదిలోంచి సన్నగా పాట లాంటిది వినపడింది. గుమ్మం దగ్గర ఆగింది. కోడలు కుడుతూ, కాలితో ఉయ్యాల ఊపుతూ, జోల పాడుతోంది. తీరా చెవొగ్గి వింటే అది జోల కాదు. గుండెకి ఎన్ని గదులు, ఏ గదిలోంచి నెత్తురు ఏ గదిలోకి పోతుంది, అదీ పాట. బుడ్డది కళ్ళు మూతలు పడుతూ వింటోంది.

"దానికి నిద్దరొచ్చే పాఠమేనటే అది?" అంది టేపమ్మ. "మరి బడిలో నీకు రాదూ?"

కోడలు సూది ఆపింది. "రాదత్తయ్యా" అంది. అంతకంటే ఏమీ అడగలేదు. అడగకపోవడమే టేపమ్మని గుచ్చింది. అడిగితే కాదని ఉండేది, ఆవిడ తత్వమే అంత.

రాత్రి భోజనాల దగ్గర తనే కదిపింది. "బడికెళ్ళు. మధ్యాహ్నం దీన్ని నేను తెస్తాలే. ఆ నర్సమ్మ చెప్పే లూపూ గీపూ మాత్రం వద్దు. కడుపు పడితే పడుతుంది, అప్పుడు చూద్దాం."

కోడలి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "సరే అత్తయ్యా" అంది. కళ్ళలో మాత్రం దీపాలు వెలిగాయి. రెండోమాట విన్నదో లేదో కూడా తెలియదు.

తెల్లారి పనులన్నీ పక్కనపెట్టి టేపమ్మ తానులోంచి నీలం గుడ్డ దించింది. చేత్తో నిమిరి, "రా, నిలబడు. ఊరందరికీ నువ్వు కొలతలు తీస్తున్నావు, నీకు నేను తీస్తాను" అంది.

కోడలు చేతులు రెండూ పైకెత్తి నిలబడింది, చిన్నపిల్లలు నిలబడ్డట్టే. టేపమ్మ కొత్త టేపు నడుముకి చుట్టింది. అంకె చూసింది. టేపు వదులు చేసి మళ్ళీ చుట్టింది. మళ్ళీ చూసింది. ప్రసవం అయ్యాక కాస్త తేరుకున్నప్పుడు ఈ పిల్లకి రెండు గౌన్లు కుట్టింది తనే. ఆ కొలత ఇప్పటికీ నోట్లోనే ఉంది. అంగుళం పెరిగింది. సరిగ్గా నడుము దగ్గర.

"ఊపిరి వదులు."

"వదిలాను."

"బిగబట్టావేమో."

"లేదత్తయ్యా."

అంగుళమే. టేపమ్మ అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది.

"తిండి సయిస్తోందా?"

"ఈ నాలుగు రోజులూ పొద్దున్నే కొంచెం వికారంగా ఉంటోంది. నిద్ర చాలక అనుకుంటా."

"నెలొచ్చిందా?"

"కాన్పు అయ్యాక ఇంకా మొదలే కాలేదు కదా. పాలిస్తున్నాగా." అంటూ అంటూనే పిల్లకి అర్థమైంది. ఎత్తిన చేతులు మెల్లిగా దిగాయి. "బట్టలేమీ బిగుతు కాలేదత్తయ్యా. ఈ గౌను చూడండి, వదులుగానే ఉంది."

"గుడ్డ సాగుతుంది. టేపు అబద్ధం చెప్పదు" అంది టేపమ్మ.

నీలం గుడ్డ మళ్ళీ తానులో చుట్టుకుపోయింది. ఆ తాను అలమరా పై అరలోకి ఎక్కింది.

ఆడవాళ్ళ రోజు ఇంకా నాలుగు రోజులుంది. ఎదురుగా మందుల షాపు ఉంది, పరీక్ష చేసుకునే పుల్ల అక్కడ దొరుకుతుందని ఇద్దరికీ తెలుసు. కానీ ఆ షాపాయన చేతికి చీటీ ఇస్తే మందు సంచిలో పడేలోపే కబురు వీధి చివరికి చేరుతుంది. అందుకని ఆగుదామనుకున్నారు.

ఏ మాటకా మాట చెప్పుకోవాలి, టేపమ్మ సంతోషపడదామనే చూసింది. తను కోరుకున్నదే కదా! రెండోది కూడా అయిపోతుంది, ఒకేసారి పెరుగుతారు, ఈ ఉయ్యాల గుడ్డలే దానికీ సరిపోతాయి. ఇలా లెక్కలేసుకుంటూ మిషను తొక్కుతుంటే సూది పుటుక్కున విరిగింది. కొత్త సూది పెట్టింది. ఈసారి చొక్కా చెయ్యి తిరగేసి కుట్టేసింది. అన్నేళ్ళలో అలాంటి పని చేసిన మనిషి కాదు. బ్లేడుతో కుట్టు విప్పుతూ కూర్చుంటే, కోడలు పెరట్లో బకెట్టు ఎత్తుతున్న చప్పుడు వినపడింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి లాక్కుంది.

"నువ్వు ఎత్తకు."

"రోజూ ఎత్తేదే కదత్తయ్యా."

"ఎత్తకన్నానా!"

కసిరి తనే మోసుకెళ్ళింది. బకెట్టు మోస్తుంటే ప్రసవం నాటి ఆసుపత్రి వరండా కళ్ళముందుకొచ్చింది. నెప్పులకి ఈ పిల్ల తన మెడలో వేలాడే టేపు కొస పట్టుకుని వదల్లేదు. పిడికిలి అంత బిగించినా చెయ్యి మంచుముక్కలా ఉంది. నెత్తురు ఆగడంలేదని తెల్లకోట్లు అటూ ఇటూ పరిగెత్తాయి. ఆ పూట టేపమ్మ ఒక్క మాటే అనుకుంది, ఈ పిల్ల బతికితే చాలు, ఇంకేమీ అడగను అని. అడగనన్న మనిషే మొన్న నర్సమ్మ ముందు రెండోది అడిగింది. నీళ్ళు కాళ్ళ మీద ఒలికినా టేపమ్మకి తెలియలేదు.

కోడలు ఏడవలేదు. అదే టేపమ్మకి మరీ కష్టంగా ఉంది. పుస్తకాలు ఒక గుడ్డలో కట్టి పై అరలో పెట్టింది, నీలం తాను పక్కనే. ఉయ్యాల దగ్గర గుండె గదుల పాట ఆగిపోయింది. మడతలు కుట్టడం మాత్రం ఆపలేదు, అంతకు ముందుకంటే వేగంగా కుట్టింది.

"అత్తయ్యా," అంది ఒకసారి, తలెత్తకుండానే. "నా చోటు ఇంకెవరికైనా ఇచ్చేయమని టీచరమ్మకి చెప్పేయనా? పాపం, ఎవరో ఎదురు చూస్తుంటారు కదా."

టేపమ్మ మిషను ఆపింది. "తొందరేంటి? ఆగు" అంది.

మర్నాడు లారీ వచ్చింది. కొడుకు చేతులకి గ్రీజు కూడా కడుక్కోకుండానే బుడ్డదాన్ని ఎత్తుకోబోయి, తల్లి ముఖం చూసి ఆగాడు. సంగతి విన్నాడు. మెట్టు మీద కూలబడ్డాడు. ఇరవై నిండని కుర్రాడు, మీసం ఇంకా సరిగ్గా దిగలేదు.

"దీనికింకా పళ్ళే రాలేదు కదమ్మా" అన్నాడు ఉయ్యాల వంక చూస్తూ.

చేతుల గ్రీజు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నర్సమ్మ నాతో కూడా చెప్పింది. ఆడవాళ్ళ గొడవని నేను నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవాల్సింది కాదు." లేచి లోపలికెళ్ళి భార్య పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆ పిల్ల చేతిలో స్కర్టు తీసుకుని, సూదిలో దారం ఎక్కించబోయి, ఎంతకీ ఎక్కించలేక అవస్థ పడ్డాడు. కోడలు కాసేపు చూసి, సూది అందుకుని ఎక్కించుకుంది. వాళ్ళిద్దరూ అనుకున్న మాటలేవో టేపమ్మ వినలేదు. వినకూడదని మిషను గట్టిగా తొక్కింది.

వాడి లారీ వెళ్ళిపోయిన పొద్దున, బేకరీ ఆవిడ వీధంతా వినపడేలా అరుచుకుంటూ వచ్చింది. ఒక చేత్తో కూతురి రెక్క, ఇంకో చేత్తో తెల్ల చొక్కా.

"ఏం ఒదినా, కళ్ళు కనపడుతున్నాయా నీకు? గుండీ పెడితే ఊపిరాడట్లేదు పిల్లకి!"

టేపమ్మ కళ్ళజోడు పైకి తోసి పిల్లని ఎగాదిగా చూసింది. "నా కళ్ళకేం ఒదినా, బాగానే ఉన్నాయి. మీ బన్నులు తగ్గించు."

"కొలిచి పదిరోజులన్నా కాలేదు. పదిరోజుల్లో బన్నులు ఛాతీకెక్కుతాయా?"

"వెన్న పూసినవైతే ఎక్కవూ!" అంటూ ఇంకా ఏదో అనబోతుంటే, గుమ్మంలో బస్సు కండక్టరు కూతురు ప్రత్యక్షమైంది. గాలేస్తే ఎగిరిపోయే పిల్ల. వీధిలో దాన్ని అందరూ అగ్గిపుల్ల అనే పిలుస్తారు. స్కర్టు నడుము దగ్గర హుక్కు పెట్టలేక చేత్తో పట్టుకుని నిలబడింది. "పట్టట్లేదు టేపమ్మా" అంది బిక్కముఖంతో.

టేపమ్మ కళ్ళజోడు సరిచేసుకుని ఆ హుక్కు వంక చూసింది. బేకరీ పిల్ల అంటే సరే. అగ్గిపుల్లకి ఏ వెన్న ఎక్కింది?

"అమ్మాయ్, వీళ్ళ కొలతలు ఎవరు తీశారు?"

"నేనే అత్తయ్యా. మీరు చెప్పినట్టే తీశాను" అంది కోడలు బెదిరిపోయి.

"దేంతో?"

కోడలు మెడలో పాత టేపు మీద చెయ్యి వేసింది.

టేపమ్మ దాన్ని కోడలి మెడలోంచి తీసింది. తన మెడలో కొత్తది తీసింది. బల్ల మీది గుడ్డలన్నీ చేత్తో ఒకేసారి నెట్టేసి, రెండు టేపులూ పక్కపక్కన పరిచింది. ఈ కొస రెండూ కలిపి కత్తెర బరువు పెట్టింది. అరచేత్తో సాపు చేసుకుంటూ అటు కొసకి నడిచింది. కొత్త టేపు ఒకచోట ఆగింది. పాతది దాన్ని దాటి ఇంకో మూడు వేళ్ళు ముందుకెళ్ళింది.

ఏళ్ళ తరబడి లాగి, చుట్టి, మెడలో వేలాడదీసి, చెమటకి తడిసి ఎండి, గుడ్డ టేపు సాగిపోయింది. సాగిన టేపు అంకె తక్కువ చూపిస్తుంది. అదే టేపుతో కొలిచి అదే టేపుతో కత్తిరించినన్నాళ్ళూ తేడా బయటపడలేదు. ఈ ఏడే ఒక టేపుతో కొలత, ఇంకో టేపుతో కోత.

బేకరీ ఆవిడకి ఇదంతా ఏమిటో అంతుపట్టలేదు.

"ఇలా రావే" అంది టేపమ్మ. కోడలు వచ్చి చేతులెత్తి నిలబడింది. పాత టేపు నడుముకి చుట్టింది. అంకె మసకగా కనపడింది, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

అదే అంకె. ఆ రెండు గౌన్లు కుట్టిన నాటి అంకె, అణువంత తేడా లేదు.

"పెరగలేదు" అంది టేపమ్మ. "నువ్వు పెరగలేదే. టేపు పెరిగింది."

కోడలు అత్తగారి ముఖంలోకి చూసింది. చేతులు ఇంకా పైనే ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ రాని ఏడుపు అప్పుడొచ్చింది, వెక్కుతూ వెక్కుతూ నవ్వు కూడా వచ్చింది. టేపమ్మ దాన్ని గుండెలకి అదుముకుంది. తర్వాత చటుక్కున బేకరీ ఆవిడ వైపు తిరిగి, రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నీ కడుపు చల్లగా ఒదినా! నువ్వు రాబట్టి బతికాను. ఇంకో నాలుగు తిట్లు తిట్టు, పడతాను."

"ఓరి నాయనో" అంది బేకరీ ఆవిడ వెనక్కి జరుగుతూ. "చొక్కా బిగుతైందని తిట్టడానికొస్తే దణ్ణాలు పెడుతుందేమిటి ఈవిడ! చొక్కా సంగతి చెప్పు ముందు."

"చొక్కాకేం, సాయంత్రానికి వదులు చేస్తాను. లోపల గుడ్డ వదిలే కుట్టానుగా!"

నిజమే, ఆ వదిలిన గుడ్డే లేకపోతే ఆ ఏడు వీధి పిల్లలందరూ ఊపిరి బిగబట్టుకుని బడికి పోవాల్సొచ్చేది. అత్తా కోడళ్ళిద్దరూ కూర్చుని పక్క కుట్లన్నీ విప్పి, గుడ్డ బయటికి తీసి, మళ్ళీ కుట్టారు. చెరో బ్లేడు, మధ్యలో దారప్పోగుల కుప్ప. టేపమ్మ, విప్పిన కుట్టు వేలితో నిమురుతూ, తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

"గుడ్డకి ఎడం వదలాలని తెలుసు నాకు. మనిషికి తెలియలేదు."

కోడలు విననట్టే తలొంచుకుని ఒక పోగు లాగింది.

"టేపు ఒక్కటే మొన్న నన్ను మోసం చేసిందనుకోకు. నెల రాలేదు కాబట్టి ఏమీ తెలియదు, వికారం వస్తే తెలియదు, పాల కాపలా అని నేను చెప్పినమాట పట్టుకుని ఎన్నాళ్ళు ఇలా దడదడలాడతావు? రేపు కేంద్రానికి పోదాం."

"మీరూ వస్తారా?"

"రానా మరి! నన్ను పిలవలేదులే ఆవిడ. అయినా వస్తాను."

ఆరోగ్యకేంద్రంలో బల్లల మీద ఆడవాళ్ళు, ఒళ్ళో పిల్లలు. నర్సమ్మ టేపమ్మని చూసి కనుబొమలెత్తింది. ముందు పరీక్ష చేసింది. పుల్ల మీద ఒకే గీత. టేపుల కథ విని నర్సమ్మ అంతగా నవ్వడం ఎవరూ చూడలేదు, పక్కగదిలోంచి తొంగిచూశారు కూడా. వికారం మాత్రం నవ్వి వదిలేయలేదు. కనురెప్ప లాగి చూసి, రక్తం తక్కువగా ఉందని బిళ్ళలిచ్చింది. వేళకి తినమని, కుట్టుపనుందని అన్నం మానేయొద్దని కోప్పడింది.

తర్వాత కుర్చీ కోడలి ముందుకి లాక్కుంది. సూది ఉంది, కొన్ని నెలలకోసారి వేయించుకోవాలి. బిళ్ళలున్నాయి, పాలిచ్చేవాళ్ళకి వేరే రకం, రోజూ ఒకే వేళకి మరిచిపోకుండా వేసుకోవాలి. లూప్ ఉంది, గర్భసంచిలో వేస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది, వద్దనుకున్న రోజు తీయించేసుకోవచ్చు. దేనితో ఏ ఇబ్బంది ఉండొచ్చో కూడా దాచకుండా చెప్పింది.

"నీకేది నచ్చింది?"

టేపమ్మ నోరు తెరిచింది. నర్సమ్మ చూపు పక్కకి కూడా తిరగలేదు, కోడలి మీదే ఉంది. టేపమ్మ తెరిచిన నోట్లో టేపు కొస పెట్టుకుని పళ్ళతో పట్టుకుంది, రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు పట్టుకున్నట్టు. అలాగే కూర్చుంది.

కోడలు తొందరపడలేదు. నొప్పెంతుంటుందని అడిగింది. పాలు తగ్గుతాయా అని అడిగింది. తను వద్దన్నా ఇంకెవరైనా దాన్ని తీయించగలరా అని కూడా అడిగింది, అది ఎందుకడిగిందో టేపమ్మకి అర్థమై చెవులు వేడెక్కాయి. ఆఖరికి, "లూప్ వేయండి" అంది. "నా చదువయ్యేదాకా. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు. ఆయనతో మొన్నే మాట్లాడాను. ఆయన సరేనన్నారు."

"మీరేమంటారు పెద్దమ్మా?" అంది నర్సమ్మ అప్పుడు.

టేపమ్మ నోట్లోంచి టేపు తీసింది. "దాన్నే అడిగావుగా. అది చెప్పిందిగా" అంది. బుడ్డదాన్ని భుజాన వేసుకుని వరండాలోకి వెళ్ళి, కోడలు లోపలున్నంతసేపూ అటూ ఇటూ తిరిగింది. గుండెకి ఎన్ని గదులో దానికి చెప్పాలని చూసింది. సగంలో మరిచిపోయింది.

ఇంటికొచ్చాక నీలం తాను పై అరలోంచి దిగింది. పుస్తకాల మూట కూడా దిగింది. పాత టేపు తలుపు వెనక మేకుకెక్కింది. పారెయ్యడానికి టేపమ్మకి మనసొప్పలేదు. కొత్త టేపుతో కొలిచి, కొత్త టేపుతోనే కత్తిరించింది. చొక్కాకి ముందు వైపు మడత కింద కనపడకుండా నొక్కుడు గుండీలు పెట్టింది, పిల్లకి పాలివ్వడానికి వీలుగా. బయటికి మాత్రం అందరి చొక్కాలాగే ఉంటుంది. స్కర్టు అంచు కుట్టు మిగిలాక, కోడలు అలవాటుగా చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"హెమ్మింగ్ నేను చేస్తానత్తయ్యా."

"ఇది నేను చేసుకుంటాలే. నువ్వు పుస్తకాలకి అట్టలేసుకో."

మోకాలు చాపుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, టేపమ్మ చాలాకాలం తర్వాత చేత్తో మడత కుట్టింది. నెమ్మదిగానే కుట్టింది.

బడి తెరిచిన రోజు బేకరీ ఆవిడ కాగితం పొట్లంలో రెండు బన్నులు పంపింది, వెన్న పూసినవే. మధ్యాహ్నం గంటకి ముందే టేపమ్మ బుడ్డదాన్ని చంకనేసుకుని బడి కుట్టుపని గదిలో కూర్చుంది. అక్కడి మిషన్లకి నూనె వేసి ఎన్నాళ్ళయిందో అని విసుక్కుంటూ ఒకదాని చక్రం తిప్పి చూస్తోంది. గంట మోగింది. వరండాలో వందకాళ్ళ చప్పుడు, అందులోంచి ఒక జత కాళ్ళు విడిపోయి ఇటు పరిగెత్తుకొచ్చాయి.

తెల్ల చొక్కా, నీలం స్కర్టు, ముక్కు మీద సుద్ద మరక. టేపమ్మ ఒక్క క్షణం పోల్చుకోలేకపోయింది.

"ఏడ్చిందా?"

"నేనేడవలేదు, అదీ ఏడవలేదు. కూర్చో ముందు."

కోడలు కూర్చుని పాపని ఒళ్ళోకి తీసుకుంది. బుడ్డది తల్లి కొత్త చొక్కా వాసన చూసి, ఒకసారి అనుమానంగా మొహం పెట్టి, తర్వాత సర్దుకుంది. పొద్దున లెక్కల టీచరమ్మ ఏం చెప్పిందో, పక్కన ఎవరు కూర్చున్నారో, పాప గురించి ఎవరేమడిగారో కోడలు గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. చెబుతుంటే ఖాళీగా ఉన్న చెయ్యి, అన్నాళ్ళ అలవాటు కదా, స్కర్టు అంచు వెంట పాకింది. పాకి ఆగింది. మాట కూడా ఆగింది.

అంచు తిరగేసి చూసింది. నాలుగు వేళ్ళ మడత.

"అత్తయ్యా."

"ఊఁ."

"ఇంత మడత పెట్టారేంటి? ఇది చిన్నపిల్లలకి కదా."

టేపమ్మ మిషను చక్రాన్ని మరీ శ్రద్ధగా పరీక్షించింది. "బడిపిల్లలకి అలాగే కుడతాను. నా పద్ధతి నీకు తెలీదా?"

"నాకొక పిల్ల కూడా పుట్టింది. ఇంకేం ఎదుగుతాను నేను?"

"ఏం, ఎందుకెదగవు?" అంది టేపమ్మ. "ఎదుగు. నేను దించుతాను."

పాపకి కడుపు నిండేదాకా కోడలు ఆ అంచు చేత్తో పట్టుకునే కూర్చుంది. గంట కొట్టగానే బుడ్డదాన్ని అత్తగారి ఒళ్ళో పెట్టి, గుండీలు నొక్కుకుని, మడత మళ్ళీ సరిగ్గా పడేలా గోటితో అంచంతా ఒకసారి నొక్కి, పరిగెత్తింది.

"మెల్లిగా వెళ్ళవే, పడతావు!" అని వెనకనించి కేకేసింది టేపమ్మ, వరండాలో ఉన్న బడిపిల్లలందరూ నవ్వుతుంటే.